తృణమణిలో ఆరు ఆడపురుగులు

స్పెయిన్ ఉత్తర ప్రాంతమైన ఆలవాలో దొరికిన అంబర్‌లో చిక్కుకుపోయిన ఆరు తామర పురుగుల గురించి 2012లో ఒక పరిశోధనా పత్రం వెలువడింది. అవి పదిన్నర కోట్ల నుంచి పదకొండు కోట్ల సంవత్సరాల కిందటివి. ఒక్కొక్కటీ రెండు మిల్లీమీటర్ల పొడవు కూడా లేదు. ఒంటినిండా పుప్పొడి. ఆరూ ఆడవే.

శాస్త్రానికి అంతకుముందు తెలియని పురుగులు కాబట్టి వాటికోసం కొత్త ప్రజాతినే ఏర్పరచి జిమ్నోపోలిస్‌త్రిప్స్ అని పేరు పెట్టారు. అందులో మైనర్, మేయర్ అని రెండు జాతులు. చిన్నది, పెద్దది అని వాటి అర్థం. పూలమొక్కలు ఇంకా లోకమంతా పరుచుకోని కాలం అది. ఆ పుప్పొడి సైకడ్ కుటుంబపు చెట్టుదో గింకో కుటుంబపు చెట్టుదో అయి ఉంటుందని తేల్చారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో శక్తివంతమైన ఎక్స్ కిరణాలతో ఆ పురుగుల్ని పరీక్షించారు. వాటి ఒంటి మీద, ఉంగరాలు తొడిగినట్టున్న ప్రత్యేకమైన వెంట్రుకలు ఉన్నాయి. తేనెటీగ ఒంటిమీది ఈకల్లాంటి వెంట్రుకలు చేసే పనే ఇవీ చేస్తాయి, పుప్పొడిని జారిపోకుండా పట్టుకుంటాయి. ఈ ఆడపురుగులు తమ పిల్లల తిండి కోసం పుప్పొడి మోసుకెళ్తున్నాయనీ, ఆ రాకపోకల్లోనే చెట్టుకీ చెట్టుకీ మధ్య పరాగ సంపర్కం జరిగిందనీ పరిశోధకుల ఊహ.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆడది కనబడగానే పిల్లల కోసమే అనడం మనం ఎన్నిసార్లు వినలేదు! దొరికినవి మగవైతే ఏమనేవారో? అయితే మళ్ళీ చదివితే ఆ ఊహకి ఆధారం కనిపించింది. తామర పురుగు పుప్పొడిని నోటితో పీల్చుకుంటుంది. తన కడుపు నింపుకోవడానికి ఒంటిమీద వందల రేణువులు మోయక్కర్లేదు. మోయడానికే ప్రత్యేకంగా వెంట్రుకలు ఉన్నాయంటే ఆ మోతకి ఏదో ప్రయోజనం ఉండాలి. వాళ్ళు ఊహని ఊహగానే రాశారు. పురుగు శరీరంలో చూసిందాన్ని ఒకచోట, దాన్నిబట్టి తాము అనుకున్నదాన్ని మరోచోట పెట్టారు. వర్ణన వేరు, వ్యాఖ్యానం వేరు అనే ఈ క్రమశిక్షణ మనం సాహిత్య విమర్శలో కూడా కాస్త అలవాటు చేసుకోదగ్గదే.

నేను తామర పురుగుల మనిషిని. నల్లపాడులో పుట్టి, ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థినులకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మాకు పొలం లేదు. అమ్మ మిరప కోతలకీ, పత్తి తీతకీ, వేసవిలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికీ వెళ్ళేది. తామర పురుగుని నాకు మొదట చూపించింది పాఠ్యపుస్తకం కాదు, అమ్మే. మిరప పువ్వుని అరచేతిలో తట్టేది. గీత గీసినంత సన్నగా, పసుప్పచ్చగా కదిలేవి ఆ పురుగులు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే అది పైముడత, చేసింది తామర. తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటే అది కిందిముడత, చేసింది నల్లి. రైతు వచ్చి ఏదో తెగులు పడిందని కంగారుపడుతుంటే, వంచిన నడుం ఎత్తకుండానే చెప్పేది: "తెగులు కాదండయ్యా, తామర. ఆకు పైకి ముడిచింది చూడండి."

ఆ తేడా తెలియడం చిన్న విషయం కాదు. నల్లికి కొట్టాల్సిన గంధకం వేరు, తామరకి కొట్టాల్సిన మందు వేరు. పేరు తప్పితే మందు తప్పుతుంది, మందు తప్పితే అప్పు పెరుగుతుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ పట్టినప్పుడు మందు మీద మందు కొట్టిన రైతులు ఏమయ్యారో ఈ ప్రాంతం మరిచిపోలేదు. ఆత్మహత్యల వార్తల్లో రైతుల పేర్లు వచ్చాయి. మందునీళ్ళు మోసిన ఆడవాళ్ళ ఒళ్ళు ఏమయ్యాయో ఎవరూ రాయలేదు.

కొత్తజాతిని వర్ణించడం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పాలి. అంబర్ ముక్కని ముందు జాగ్రత్తగా కోసి, పురుగు స్పష్టంగా కనబడేదాకా సానపెడతారు. ఒక్క గీత ఎక్కువ తగిలితే కోట్ల ఏళ్ళు నిలిచిన రెక్క పోతుంది. తర్వాత సూక్ష్మదర్శిని కింద మీసాల కణుపులు లెక్కపెడతారు, తలమీది వెంట్రుకల స్థానం కొలుస్తారు, రెక్కల్లో ఈనెలు గీస్తారు. ఆడదా మగదా అన్నది పొట్ట చివర చూసి చెప్పొచ్చు. ఈ రకం తామర పురుగుల్లో ఆడదానికి రంపంలాంటి చిన్న సాధనం ఉంటుంది, దాంతో ఆకుని కోసి లోపల గుడ్డు పెడుతుంది. ఇదివరకు తెలిసిన జాతులన్నిటితో పోల్చి, దేనితోనూ కలవడం లేదని తేలాక, ఒక్క నమూనాని ఎంచుకుని దాన్ని హోలోటైప్ అంటారు. ఆ పేరుకి శాశ్వతంగా అదే సాక్షి. దాన్ని ఏ మ్యూజియంలో ఉంచారో చెప్పాలి. దీన్ని దేన్నుంచి ఎలా వేరుచేసి గుర్తుపట్టాలో రెండు మూడు వాక్యాల్లో రాయాలి. ఇదంతా అచ్చయిన రోజున ఆ జాతికి శాస్త్రంలో పుట్టుక.

"ఆకు పైకి ముడిస్తే తామర, కిందికి ముడిస్తే నల్లి" అన్నది కూడా అలాంటి వాక్యమే. దేన్నుంచి దేన్ని ఎలా వేరుచేయాలో చెబుతోంది. మన మిరప తామరకి 1919లో హుడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సిర్టోత్రిప్స్ డార్సాలిస్ అని పేరు పెట్టాడు. నమూనాలు కోయంబత్తూరువి. ఆయన పని గొప్పదే. దానివల్లే ఈ పురుగు గురించి ఏ దేశంలో ఎవరు రాసినా మనకి అర్థమవుతోంది. కానీ ఆ పని మొదలు కావడానికి ముందే ఎవరో ఒకరు పొలంలో ఒంగి, ఈ ముడత ఆ ముడత కాదని చూసి ఉండాలి. ఆ మొదటి చూపు ఎవరిదో ఏ పత్రంలోనూ ఉండదు.

ఎనభైల్లో నేను కూడా పరిశోధనలో చేరాను. పంటల మీద తామర పురుగుల సేకరణ నా పని. పురుగుని క్షారంలో నానబెట్టి, లోపలి మెత్తని భాగమంతా పోయి పెంకు మిగిలాక, తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకి ఒక్కో ఆల్కహాల్ మెట్టూ ఎక్కించి, లవంగ నూనెలో ఉంచి, చివరికి గాజుపలక మీద కెనడా బాల్సంలో పరుస్తాం. రెక్కలు విప్పి, మీసాలు సర్ది, కాళ్ళు చాపి పెట్టాలి. సూది చివర వణికితే పురుగు చితికిపోతుంది. రోజుకి పది స్లైడ్లు చేస్తే గొప్ప. రాత్రి అన్నం తింటుంటే వేళ్ళకి లవంగం వాసన వచ్చేది. కెనడా బాల్సం అంటే ఒక రకం ఫర్ చెట్టు కార్చిన రెసిన్. అంటే మేం చేసేది కూడా చెట్టు రెసిన్‌లో పురుగుని నిలిపి ఉంచడమే. ఆలవా అడవిలో ప్రమాదంగా జరిగింది మా ప్రయోగశాలలో ఆడపిల్లల వేళ్ళ మీద నెమ్మదిగా జరిగేది. 'ఓపిక పని కదా, అమ్మాయిలైతే బాగా చేస్తారు' అనేవారు. పొలంలో తొడిమలు తీసే పనికి మా అమ్మ గురించి అన్నమాటా అదే.

నాలుగు వందల పైచిలుకు స్లైడ్లు చేశాను. ప్రతి స్లైడుకీ లేబుల్: మొక్క, ఊరు, తేదీ, సేకరించినవారు. నా పర్యవేక్షకుడు చివరి గీత దగ్గర తన పేరే రాయమన్నాడు, 'ప్రయోగశాల పద్ధతి' అన్నాడు. పత్రం ఇద్దరు మగవాళ్ళ పేర్లతో అచ్చయింది. చివర చిన్న అక్షరాల్లో, స్లైడ్ల తయారీలో సహకరించినందుకు కుమారి ఫలానాకి కృతజ్ఞతలు. ఆ 'కుమారి' నేను. పత్రం చేతికొచ్చే నాటికి పెళ్ళయి, ఏడోనెల. తర్వాత రిజిస్ట్రేషన్ గడువు ముగిసిపోయింది. ఇది నా ఒక్కదాని కథ కాదని ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పనవసరం లేదు. మీలో ఎంతమంది ఎవరి గ్రంథసూచికలు తయారుచేశారో, ఎవరి తాళపత్రాలకి శుద్ధప్రతి రాశారో, ఎవరి ముందుమాటలో ఏ వరుసలో ఉండిపోయారో మీకే తెలుసు.

రెసిన్ మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. చెట్లు కార్చే ద్రవాలన్నీ అంబర్ కావు. తుమ్మబంక నీళ్ళలో కరిగిపోతుంది, అది నిలవదు. గాయాన్ని పూడ్చుకోవడానికి చెట్టు కార్చే రెసిన్ నీళ్ళలో కరగదు. మట్టిలో పూడి, లక్షల ఏళ్ళలో గట్టిపడి అంబర్ అయ్యేది అదే. గడ్డిపోచల్ని ఆకర్షిస్తుందని మన పాతవాళ్ళు దాన్ని తృణమణి అన్నారు. మనింట్లో రెసిన్ పేరు గుగ్గిలం. బాలింత గదిలో సాంబ్రాణితో పాటు నిప్పుల మీద వేసే ఆ గుగ్గిలం సాల వృక్షపు కుటుంబానిది. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన అంబర్ కూడా ఆ కుటుంబపు చెట్లదే. వయసు సుమారు ఐదుకోట్ల ఏళ్ళు. 2010లో వెలువడిన పత్రం ప్రకారం నూట యాభై కిలోల అంబర్‌లో ఏడువందలకి పైగా కీటకాల వంటి జీవులు బయటపడ్డాయి. ఈ అంబర్ పూర్తిగా గట్టిపడలేదు. దాన్ని కొన్ని ద్రావకాల్లో కరిగించి, లోపలి పురుగుని మొత్తంగా బయటికి తీసుకోవచ్చు. మనం స్లైడు మీద పరిచినట్టే దాన్ని పరవొచ్చు. ఆ చెదపురుగుల్లో ఒకదానికి జోఫోటెర్మిస్ అశోకి అని పేరు పెట్టారు, శిలాజ శాస్త్రవేత్త అశోక్ సాహ్ని గౌరవార్థం.

గుగ్గిలం కుటుంబంలోనే పేర్ల రాజకీయం కూడా ఉంది. శేషాచలం, వెలిగొండ కొండల్లో పెరిగే అరుదైన గుగ్గిలపు చెట్టుకి శాస్త్రీయ నామం షోరియా తుంబుగ్గైయా. మొదటి సగం గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు. రెండో సగం ఆ చెట్టుకి మన జనం పెట్టుకున్న తెలుగు పేరు. విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరంలో మొక్కల్ని వర్ణించేటప్పుడు ఇలా స్థానిక పేర్లు చాలా వాడుకున్నాడు. అధికారి పేరు వ్యక్తి పేరుగా నిలిచింది. ఆ చెట్టుకి పేరుపెట్టి, గుగ్గిలం గీరి, అమ్ముకున్న వాళ్ళు మాత్రం ఒక్క మాటగా మిగిలారు, మనుషులుగా కాదు.

ఒకప్పుడు మన కోస్తా కూలీలు రంగం వెళ్ళిన దేశంలో, ఉత్తరాన కచిన్ రాష్ట్రపు హుకాంగ్ లోయలో, దాదాపు పదికోట్ల ఏళ్ళ నాటి అంబర్ ఉంది. 1916 నుంచి అందులోని పురుగుల్ని వర్ణించినవాడు అమెరికాలోని కొలరాడోలో ఉన్న కాకరెల్. ఆయన భార్య విల్‌మాట్ పోర్టర్ కాకరెల్ స్వయంగా జీవశాస్త్రజ్ఞురాలు, ఉపాధ్యాయిని. కొలరాడోలోని ఫ్లోరిసాంట్‌లో శిలాజాలు ఏరింది, ఎర్ర పొద్దుతిరుగుడు పువ్వుని గుర్తించి పెంచింది. ఆమె పేరు 'విల్‌మాటే' అని ఎన్నో జాతులకి అంటుకుంది. వర్ణించినవాడిగా వచ్చే పేరు ఆయనది. ప్రేమగా ఇచ్చిన గౌరవమే కావచ్చు, కానీ గౌరవం వేరు, కర్తృత్వం వేరు.

ఆ లోయ అంబర్ నుంచి 2018 ఒక్క ఏడాదిలోనే మూడువందలకి పైగా కొత్తజాతుల్ని వర్ణించారు. అంతకు ముందు ఏడాది, 2017లో, బర్మా సైన్యం ఆ గనుల ప్రాంతాన్ని చేజిక్కించుకుంది. వేలమంది ఇళ్ళు వదిలి పారిపోయారు. మనిషి ఒక్కడే పట్టే ఇరుకు గోతుల్లోంచి తవ్వి తీసిన అంబర్ సరిహద్దు దాటి చైనాలోని యునాన్ బజార్లకి చేరేది. 2020లో వెన్నెముక జీవుల శిలాజాలపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఒకటి, సైన్యం వచ్చాక బయటపడిన నమూనాల మీద పత్రాలు వేయొద్దని పత్రికల్ని కోరింది. నమూనాని సమకూర్చిన సేకర్త పేరు జాతి పేరుగా మారడం ఈ రంగంలో మామూలే. గోతిలో దిగినవాడి పేరు, వాడు రాకపోతే బియ్యం ఎలాగా అని గట్టున కూర్చున్న మనిషి పేరు అలా మారడం నేనెక్కడా చూడలేదు. ప్రయోగశాల లేబుల్ మీద జరిగేదే అక్కడా జరుగుతోంది, మరింత రక్తంతో.

పేరు పెట్టడానికి అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉంది. పురుషుడి పేరు పెడితే చివర 'ఇ' చేర్చాలి, స్త్రీ పేరైతే 'ఏ'. అందరూ స్త్రీలే అయితే 'ఆరం'. అందరూ పురుషులైతే 'ఓరం'. స్త్రీలూ పురుషులూ కలిసి ఉంటే? అప్పుడూ 'ఓరం'. పదిమంది స్త్రీలలో ఒక్క పురుషుడు చేరితే చాలు, లాటిన్ మొత్తం గుంపుని మగదాన్ని చేసేస్తుంది. ఇది చెప్పగానే తరగతిలో అమ్మాయిలు నవ్వేవారు. మన వ్యాకరణం గుర్తుచేస్తే ఆ నవ్వు ఆగిపోయేది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు అని బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పాడు. అంటే మగవాళ్ళే. అతను వచ్చాడు. ఆమె వచ్చింది, గేదె వచ్చింది, పురుగు వచ్చింది. ఏకవచనంలో నాకూ తామర పురుగుకీ ఒకటే క్రియ.

ఒక వయసులో దీనికి మండిపడ్డాను. ఇప్పుడు పురుగుతో క్రియ పంచుకోవడం నాకేమంత అవమానంగా లేదు. ఆ ఆరింటి సంగతి తెలిశాక అసలే లేదు. నా కోపం వాక్యం రెండో వైపు మీద. 'పురుగు పుప్పొడి మోసింది' అని రాసే మన పాఠ్యపుస్తకం, వెంటనే 'శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు' అంటుంది. చూడబడేది 'ఇంది'గా, చూసేవాడు 'ఆడు'గా స్థిరపడిపోయారు. ఆలవా పత్రం రచయితల్లో పాట్రీషియా నెల్, కార్మెన్ సొరియానో అనే స్త్రీలున్నారు. అయినా తెలుగులో దాని గురించి రాస్తే 'శాస్త్రవేత్తలు' అన్న బహువచనంలో వాళ్ళు స్త్రీలని కనబడరు. అందుకే పేర్లు విడిగా రాశాను.

ఇదంతా పాత శిలాజాల ముచ్చట అనుకునేవాళ్ళకి 2021 గుర్తుచేస్తాను. ఆ ఏడాది మిరప పూలలో పసుప్పచ్చ పురుగులకు బదులు నల్లవి గుంపులుగా కనిపించాయి. పూలు రాలిపోయాయి, కాయలు పడలేదు. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ పొలాల్లో చేలకు చేలు పీకేశారు. అది త్రిప్స్ పార్విస్పైనస్. 1922లో కార్నీ పేరు పెట్టిన ఆగ్నేయాసియా జాతి. మన దేశంలో ఉన్నట్టు 2015లో, బొప్పాయి మీద, మొదటిసారి నమోదైంది. రైతులు నల్లతామర అన్నారు. ఈ పురుగు ఆకు కన్నా పువ్వులో ఎక్కువ ఉంటుంది. పాత లెక్కన ఆకు ముడతే చూస్తూ, పాత మందులే పెంచి పెంచి కొట్టిన చేలల్లో దాన్ని తినే మేలు పురుగులు కూడా పోయాయి. లాం ఫారం వాళ్ళు నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని చెప్పారు. పూలలో రంగు మారిందని మొదట గమనించినవాళ్ళలో కలుపుకి వంగిన ఆడవాళ్ళున్నారు. మా వీధిలోవాళ్ళు చెబుతుంటే విన్నాను: "పూలో మిరియప్పొడి చల్లినట్టుందక్కా" అని. వర్ణన అంటే ఇదే. దాన్ని ఎవరైనా రాసిపెట్టుకుంటే, తేదీతో సహా, అది విలువైన నమోదు అయ్యేది.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. పేర్లన్నీ మార్చమని అడగడంలేదు, జాతి నామాలు ఊరికే మారవు, మారకూడదు కూడా. నియమావళి మాత్రం ఏ భాష మాటతోనైనా పేరు కట్టుకోవచ్చని ఒప్పుకుంటుంది. తామర అన్న మాటతో ఒక ప్రజాతి ఉండకూడదని ఎక్కడా లేదు. అంతకన్నా ముందు, సేకరించినవారు అన్న గీత నిజాయితీగా పూరించాలి. తవ్వింది ఎవరు, సానపెట్టింది ఎవరు, బొమ్మ గీసింది ఎవరు, చూపించింది ఎవరు అన్న నాలుగు ప్రశ్నలకీ పత్రంలో జాగా ఉండాలి. తెలియకపోతే తెలియదని రాయాలి. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే.

రిటైరయ్యాక మా ఇంటి వరండాలో సూక్ష్మదర్శిని పెట్టుకున్నాను. చుట్టుపక్కల కాలేజీల అమ్మాయిలు ఆదివారాలు వస్తారు. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం పలకరాళ్ళ మీద సైకడ్ వంటి మొక్కల ఆకు ముద్రలు దొరుకుతాయని, వాటిని 1879లోనే ఫీస్ట్‌మాంటెల్ వర్ణించాడని చెబితే, డైనోసార్ల కాలపు అడవి ఇంత దగ్గర్లోనా అని ఆశ్చర్యపోయారు. వాళ్ళలో ఒకమ్మాయి, కోతలకి వెళ్ళే తల్లి కూతురే, నల్లతామర స్లైడ్లు చేస్తోంది. లేబుల్ మీద సేకరించినవారు అన్నచోట తన పేరు రాసింది. దాని కింద ఇంకో గీత గీసి 'చూపినవారు' అని రాసి, వాళ్ళమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. జాగా చాల్లేదని అక్షరాలు మరీ చిన్నవి చేసింది. కాస్త పెద్ద లేబుళ్ళు కత్తిరించుకోమని చెప్పాను.